పేరు వినని ఊళ్లో పెద్ద పని



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది పైచదువులకో ఉద్యోగానికో అమెరికా వెళ్లే ఆలోచనలో ఉన్నారు. ఏ ఊరికని పొద్దున కొందరిని అడిగితే డల్లాస్ అన్నారు, న్యూజెర్సీ అన్నారు, బే ఏరియా అన్నారు. అన్నీ మంచి చోట్లే. మనవాళ్లున్న చోటికి వెళ్లాలనుకోవడం సహజం, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అయితే మీరెవరూ తలవని ఊరొకటి ఉంది. నేను ఉద్యోగం చేస్తూ పిల్లల్ని పెంచుకున్న ఊరది, అయోవా రాష్ట్ర రాజధాని డిమోయిన్. ఇవాళ ఆ ఊరి గురించే మాట్లాడతాను. ఎక్కడ పనిచేయాలో తేల్చుకునే వయసులో మీకిది పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

2020 జనాభా లెక్కల ప్రకారం డిమోయిన్ జనం 2,14,133. మన రాజమండ్రి కంటే తక్కువ. శివార్లన్నీ కలుపుకుంటే ఏడు లక్షలు దాటుతుంది. సముద్రం లేదు, కొండల్లేవు. ఊరు దాటితే మొక్కజొన్న, సోయా చేలు. సినిమాల్లో కనపడే అమెరికా కాదిది.

అలాంటి ఊరికి బతుకుతెరువు ఏమిటి? ముందుగా బీమా. ఈక్విటబుల్ ఆఫ్ అయోవా 1867లో మొదలైంది, ఇప్పుడు ప్రిన్సిపల్ అని పిలిచే సంస్థ 1879లో. వాటి వెనకే ఎన్నో బీమా కంపెనీలు వచ్చి చేరాయి. రెండోది విత్తనం. హెన్రీ వాలస్ అనే ఆయన 1926లో ఇక్కడ సంకర మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టాడు. తర్వాత ఆయన అమెరికా వ్యవసాయ మంత్రి అయ్యాడు, ఉపాధ్యక్షుడూ అయ్యాడు. ఆ కంపెనీయే పయనీర్. మీలో మొక్కజొన్న వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ పేరున్న సంచిని మీ ఇంటి అరుగు మీద చూసే ఉంటారు. మూడోది పత్రికలు. రైతుల కోసం 1902లో ఒక పత్రికతో మొదలైన మెరిడిత్ సంస్థ తర్వాత అమెరికా ఇల్లాళ్లందరికీ తెలిసిన పత్రికలు నడిపింది.

విత్తనానికీ, పత్రికలకీ వేరు ఒక్కటే, పొలం. ఊరు దేని మీద బతుకుతోందో కిటికీలోంచి కనపడుతుంది. నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది అదే. చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య అక్కడ దూరం తక్కువ. నిర్ణయం తీసుకున్న మనిషీ, ఆ నిర్ణయాన్ని అనుభవించే మనిషీ ఒకే వీధిలో ఉంటారు, ఒకే బడికి పిల్లల్ని పంపుతారు.

2020 ఆగస్టు 10న అయోవా మీద డెరేచో అనే గాలివాన విరుచుకుపడింది. తుపానంత బలమున్న గాలి నేల మీదే పుట్టి, వందల మైళ్లు తిన్నగా దూసుకుపోతుంది. కోతకు రావాల్సిన మొక్కజొన్న లక్షల ఎకరాల్లో నేలకొరిగింది. మా వీధిలో చెట్లు కూలాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మా ఆఫీసులో బీమా క్లెయిముల సాఫ్ట్‌వేర్ రాసే బృందంలో కొందరి ఇళ్ల పైకప్పులే ఎగిరిపోయాయి. తాము తయారుచేసిన ఫారాన్ని తామే, ఫోన్‌లో, చీకట్లో కూర్చుని నింపారు. ఇల్లు కారుతున్న మనిషిని ఏ ప్రశ్న ముందు అడగాలో, ఏది వారం తర్వాత అడిగినా ఫరవాలేదో అప్పుడు వాళ్లకు తెలిసింది. ఆ ఫారం మారింది. మార్చినవాళ్లలో ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాని అమ్మాయి ఉంది. బృందం చిన్నది కాబట్టి ఆ అమ్మాయి మాట పైవాళ్లు నేరుగా విన్నారు.

మీ వయసువాళ్లకు అది చాలా విలువైన సంగతి. ఎంత పెద్ద కంపెనీలో చేరారని బంధువులు అడుగుతారు. మీకు ఎంత త్వరగా బాధ్యత అప్పగిస్తారు, మీరు చేసింది ఎవరికి ఉపయోగపడిందో మీ కళ్లతో చూడగలరా అన్నది ఎవరూ అడగరు. మీరే అడగండి.

జీతాల సంగతి సూటిగా చెబుతాను. కాలిఫోర్నియాతో పోలిస్తే జీతం తక్కువ. ఇంటి ఖర్చు అంతకంటే బాగా తక్కువ. ఒక మామూలు ఉద్యోగి ముప్పై ఏళ్ల వయసులో సొంతిల్లు కొనుక్కోవడం అక్కడ వింత కాదు. ఇంటి నుంచి ఆఫీసుకు సగటున ఇరవై నిమిషాలు. సాయంత్రం అయిదున్నరకు ఇంట్లో ఉంటే ఆ మిగిలిన రోజంతా మీదే. పిల్లలకు లెక్కలు చెప్పొచ్చు, సంగీతం నేర్చుకోవచ్చు, అమ్మానాన్నలతో తీరిగ్గా ఫోన్లో మాట్లాడొచ్చు.

పొద్దుపోని ఊరు కూడా కాదది. డిమోయిన్ ఆర్ట్ సెంటర్ అని ఒక చిత్రశాల ఉంది. మొదటి భవనాన్ని 1948లో ఎలియెల్ సారినెన్ కట్టాడు, 1968లో ఐ.ఎం.పే ఒక భాగం చేర్చాడు, 1985లో రిచర్డ్ మైయర్ ఇంకొకటి. ప్రపంచంలో ఏ మహానగరమైనా గర్వంగా చెప్పుకునే ముగ్గురు వాస్తుశిల్పులు ఒక్క కప్పు కింద కలిశారు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి అయినా వెళ్లి, ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడి రావొచ్చు. మే నుంచి అక్టోబరు దాకా శనివారాల్లో కోర్ట్ అవెన్యూలో రైతు బజారు. ఆగస్టులో రాష్ట్ర సంత. 1854 నుంచి జరుగుతోంది. 1911 నుంచి అక్కడ వెన్నతో నిలువెత్తు ఆవు బొమ్మ చేసి పెడుతున్నారు, దాన్ని చూడటానికి జనం బారులు తీరతారు. మా అమ్మ వచ్చినప్పుడు ఎన్నో చూపించాను, ఇంటికొచ్చి అందరికీ చెప్పింది మాత్రం ఆ ఆవు గురించే.

బయటినుంచి వచ్చినవాళ్లను ఆ ఊరు ఎలా చూస్తుంది? ఈ ప్రశ్న మీ తల్లిదండ్రుల మనసులో ఉంటుందని నాకు తెలుసు. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక, తాయ్ డామ్ అనే తెగ ప్రజలు తమను విడదీయకుండా ఒకే చోట ఉండనివ్వమని అమెరికా గవర్నర్లకు ఉత్తరాలు రాసుకున్నారు. సరేనన్నది అయోవా గవర్నర్ రాబర్ట్ రే. ఆయన రిపబ్లికన్. శరణార్థుల పునరావాసానికి రాష్ట్ర ప్రభుత్వమే ఒక విభాగం పెట్టింది. ఇవాళ డిమోయిన్ నది ఒడ్డున ఆయన పేరుతో ఆసియా ఉద్యానవనం ఉంది, శనివారం బజారులో ఆ కుటుంబాల మూడోతరం పిల్లలు కూరలు అమ్ముతుంటారు. ఒక్క మనిషి మంచితనంతో ఊరంతా మారిపోదు, రాజకీయాల గాలి కూడా ఎప్పుడూ ఒకేలా వీయదు. అయినా వచ్చినవాళ్లకు చోటిచ్చిన జ్ఞాపకం ఒక ఊరికి ఉండటం మంచిది. కష్టకాలంలో గుర్తుచేయడానికి ఒకటుంటుంది.

మనకు ఆ ఊరితో ఇంకో బంధం కూడా ఉంది. హరిత విప్లవానికి ఆద్యుడైన నార్మన్ బోర్లాగ్ అయోవా రైతుబిడ్డ. ఆయన నెలకొల్పిన ప్రపంచ ఆహార బహుమతికి కేంద్రం డిమోయినే. నది పక్కనున్న పాత గ్రంథాలయ భవనంలో దాని కార్యాలయం. 1987లో మొదటి బహుమతి మన ఎం.ఎస్. స్వామినాథన్‌కి దక్కింది. 2005లో దాన్ని అందుకున్నది బాపట్లలో పుట్టిన మొదడుగు విజయ్ గుప్తా గారు. బంగ్లాదేశ్‌లో పేదల ఇళ్ల పక్కన వృథాగా పడున్న గుంటల్లో, చిన్నచిన్న చెరువుల్లో తక్కువ ఖర్చుతో చేపలు పెంచడం నేర్పిన శాస్త్రవేత్త ఆయన. అందులో ఆడవాళ్లను ముందుకు తెచ్చారు. ఆ గౌరవం చూసి, కృష్ణా డెల్టాలో చేపల చెరువుల మధ్య పెరిగిన నాకు ఒళ్లు పులకరించింది.

కష్టాలు దాచను. జనవరిలో చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి, పొద్దున్నే మంచు తవ్వి కారు బయటికి తీయాలి. కారు లేకపోతే బతుకు ఇబ్బందే. ఇండియాకు రావాలంటే ముందు చికాగో లాంటి చోటికి చేరాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజుల గడువు. కంపెనీలు తక్కువున్న ఊళ్లో ఆ అరవై రోజులు చాలా చిన్నవి. అందుకే అలాంటి చోటికి వెళ్లేవాళ్లు మొదటి ఏడాదే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

తెలుగువాళ్లం తక్కువమందిమి. దేవాలయానికి వెళ్లాలంటే ఉత్తరాన మ్యాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గరికి, చేల మధ్య నుంచి కారులో పోవాలి. ఉగాదికి పచ్చడి కలిపేదీ మేమే, వేదిక కట్టేదీ మేమే, పిల్లలకు పద్యాలు నేర్పేదీ మేమే. తక్కువమందిమి కాబట్టి కోస్తానా, రాయలసీమా, తెలంగాణానా అని చీలిపోయే వీలు లేదు. అది నాకు మహాభాగ్యంగా తోస్తుంది.

చివరగా నీళ్ల సంగతి చెప్పాలి, మీ చదువుతో సంబంధమున్నది అదే. 1993 జూలైలో రకూన్ నది పొంగి డిమోయిన్ నీటిశుద్ధి కేంద్రం మునిగింది. రెండున్నర లక్షలమందికి పన్నెండు రోజులపాటు కొళాయిలు ఆగిపోయాయి. వరద వచ్చిపోయింది కానీ, అంతకంటే మొండి సమస్య అక్కడే ఉంది. పొలాలకు వేసిన నత్రజని, పొలంలో నిలిచిన నీటిని బయటికి పంపడానికి భూమి కింద పరిచిన గొట్టాల గుండా నదిలో కలుస్తుంది. తాగే నీళ్లలో నైట్రేట్ రూపంలోని నత్రజని లీటరుకు పది మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం. దాన్ని వడగట్టడానికి ఊరు పెద్ద యంత్రాంగమే కట్టుకుంది. 2015లో నీటి సంస్థ ఎగువ కౌంటీల్లో ఆ గొట్టాల వ్యవస్థను చూసుకునే డ్రైనేజీ జిల్లాల మీద కేసు వేసింది, 2017లో కోర్టు కొట్టేసింది. 2025 జూన్‌లో నైట్రేట్ మరీ పెరిగి, ఇళ్లముందు గడ్డికి నీళ్లు పెట్టొద్దని ఆంక్ష విధించారు. ఊరికి అన్నం పెట్టే మొక్కజొన్నే ఊరి నీళ్లను పాడుచేస్తోంది. రైతును దోషిని చేస్తే తెగేది కాదు, రైతును వదిలేసినా తెగేది కాదు.

నీటి సంస్థ బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, లేచి మాట్లాడొచ్చు. నేను వెళ్తుంటాను. ఆ గదిలో రైతులుంటారు, తల్లులుంటారు, ఇంజినీర్లుంటారు. మట్టి తెలిసినవాళ్లు, నీటి రసాయనం తెలిసినవాళ్లు, ఎగువ పొలంలో ఈ వారం పడ్డ వానకు వచ్చేవారం కొళాయిలో ఏముంటుందో లెక్కకట్టి చెప్పగలవాళ్లు అక్కడ ఇంకా చాలామంది కావాలి. మీలో కొందరు ఈ నాలుగేళ్లూ చదివింది అదే. కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, ముందు వరుసలో కూడా.