గ్రుడ్డుకు ముందటి మేత



నేటి ప్రసంగము పెరటికోళ్లను గూర్చి. ఇంత చిన్న సంగతికి రేడియో యేల యని కొందఱు నవ్వవచ్చును. కోళ్ల పెంపకము ఆడువారి పని, మనకేల యని యూరకుండుట మన వాడుక. కాని సంక్రాంతి పుంజు విషయమున అట్లూరకుండుదుమా? సఖినేటిపల్లి మొదలు అంతర్వేది వఱకు ఎవరిని అడిగినను, పుంజునకు బాదముపప్పులెన్ని, కైమా యెంత, ఏ వేళ ఈత కొట్టింపవలెను అను సంగతులు తడుముకొనక చెప్పుదురు. ఆ పుంజుతో ఒక్క పొదుగున పుట్టిన పెట్టకో, చాటనుండి చెఱగిన నూకలును ఎంగిలి మెతుకులును. పుంజు చట్టము నిషేధించిన పందెమున ఒక్క పూటలో పోవును. పెట్ట రెండు మూడేండ్లు ఇల్లాలి చేతికి చిల్లర ఆడించును.

పిల్లలకు మొదటి రెండు నెలలు మనము కొంత శ్రద్ధ చూపుదుము; కాకికి, గ్రద్దకు వెఱచి గంపక్రింద నుంచి మేపుదుము. గ్రుడ్డు పెట్టసాగిన పిదప మరల శ్రద్ధ పుట్టును. నడిమి నాలుగు నెలలును ‘తిరిగి తినునులే’ యని విడిచిపెట్టుదుము. ఎముకయు కండయు గట్టిపడునది ఆ నాలుగు నెలలలోనే. అప్పుడు చిక్కిన పెట్ట ఆలస్యముగా పెట్టును, చిన్న గ్రుడ్లు పెట్టును, కొన్ని పెట్టి మానును. వెనుకటి పెరడులో పెంటకుప్పయు, పురుగులును, చెదలును ఉండెడివి గనుక కోడి తన లోటు తానే తీర్చుకొనెడిది. సిమెంటు పఱచిన పెరడులో ఏమి గీరును?

వరి పండించు మనము వినదగిన వృత్తాంతమొకటి కలదు. జావాద్వీపమున బటేవియా నగరములో 1890 ప్రాంతమున ఐక్మాను అను డచ్చి వైద్యుడు పరిశోధనకై కోళ్లను పెంచుచుండెను. వానికి కొన్నాళ్లు తెల్లగా పాలిషు పట్టిన బియ్యపు అన్నము మేతయైనది. కోళ్లకు కాళ్లు పడిపోయి తూలసాగినవి. పైపొర పోని బియ్యము పెట్టగా తేఱుకొన్నవి. ఆ తవుడులోని సారమే పిదప బి1 విటమినని తెలిసినది. 1929లో ఐక్మానునకు నోబెలు బహుమానము లభించినది. మనమో తవుడు గేదెకు వేసి, తెల్లని నూకలు కోడికి చల్లుచున్నాము.

ఎదుగు పెట్ట మేతలో నూటికి 16 వంతులు మాంసకృత్తులుండవలెను. నూకలలో సుమారు 8 వంతులే. ఈ లోటు తీర్చు వస్తువులు మన సీమలోనే యున్నవి. 10 కిలోల మేతకు నూకలు 4, తవుడు 3, కొబ్బరినూనె తీసిన పిండి 2, ఎండుచేపల పొడి 1 కిలో చొప్పున కలిపిన లెక్క సరిపోవును. మునగాకు, అవిసియాకు పైనుండి తఱిగి వేయుడు.

ఎండుచేప విషయమున ఒక హెచ్చరిక. అంతర్వేది పల్లిపాలెమునుండి తెచ్చునప్పుడు ఉప్పు పట్టని దానినే ఏఱి తెండు. మనకు రుచియైన ఉప్పుచేప కోడికి విషప్రాయము. దాహమెత్తి, విరేచనములు పట్టి, ఎదుగు కోళ్లు చచ్చును. బూజు మాట అంతకంటె ముఖ్యము. గోదావరి గాలికి వానకాలమున పిండి నాలుగునాళ్లలో చెమ్మగిలును. 1960లో ఇంగ్లండున లక్షకు పైబడి సీమకోళ్లు, అనగా టర్కీకోళ్లు, చచ్చుటకు కారణము బూజుపట్టిన వేరుసెనగ పిండి యని తేలినది. బూజు విషము ఎండబెట్టినను పోదు. వాసన మాఱిన పిండిని పాఱవేయుడు. ‘కోడికే గదా’ యనకుడు.

ఇక నా తప్పు చెప్పుకొందును. ఒకయేడు త్వరగా గ్రుడ్లు వచ్చునన్న యాశతో మూడవ నెలనుండియే, గ్రుడ్లు పెట్టు కోళ్లకై చేసిన మేత కొని తెచ్చి ఎనిమిది పెట్టలకు వేసితిని. మూడు పెట్టలు చిక్కి, తెల్లని విరేచనములై చచ్చినవి. పశువైద్యుడు ఒకదానిని కోసి చూపగా మూత్రపిండములు వాచి, లోపల సుద్ద పూసినట్లుండెను. ఎదుగు పెట్టకు మేతలో సున్నము నూటికి ఒక వంతు చాలును; గ్రుడ్లకోడి మేతలో మూడున్నర వంతులకు పైగా నుండును. పెంకు కట్టని పిట్ట ఆ సున్నమును ఏమి చేసికొనును? మందు చేయునట్లు మేత చేటు చేసినదని అప్పుడు తెలిసినది.

మేత వేయు వేళకూడ చూడవలెను. ఉదయము కొద్దిగా వేసి విడిచిన తిరిగి ఏఱుకొని తినును. సాయంకాలము తలకు 30 మొదలు 50 గ్రాముల వఱకు వేసిన, గూటికి తనంతట వచ్చును. మంచినీరు నీడలో నుండవలెను. కందనకాయలో గింజ నలుగుటకు కొంచెము గరుకు ఇసుక అందుబాటున నుంచుడు. నులిపురుగుల మందును, కొక్కెర తెగులు టీకాయు పశువైద్యశాలలో అడిగి సకాలమున వేయింపుడు. కొక్కెర వచ్చిన పిదప ఏ మేతయు పనికిరాదు.

అయిదాఱు నెలలు నిండి, తురాయి యెఱ్ఱబాఱి, పెట్ట మూలమూలలు వెదకసాగినప్పుడు, సున్నపుబట్టీకి పోవు గుల్లను పచ్చిదిగానే నలుగగొట్టి వేఱొక మూకుడులో పెట్టుడు. మేతలో కలుపవలదు. కావలసినంత పెట్టయే తినును.