అరణ్యగ్రహమున కాపురము

నేలయంతయు అడవియైన యొక గ్రహము, అచ్చట వ్యోమనౌకలో దిగిన మానవులు, చెట్లు నరికి వారు కట్టుకొను ఊరు: ఈ కల్పన కథకులకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1972లో ఇట్టి గ్రహమును గూర్చియే యొక నవలిక వెలువరించిరి. 2009లో వచ్చిన అవతార్ చలనచిత్రమును మన యిండ్లలోని పిల్లలు బాగుగ నెరుగుదురు. ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు ఐదువేలకు పైగా ఇప్పటికి కనుగొనబడినవి. వానిలో దేనియందైనను ఒక గడ్డిపోచ యున్నట్లు రుజువు లేదు. ఐనను అట్టి గ్రహము దొరకినచో మనము కాపురముండ గలమా యను ప్రశ్నను మేడ్చల్, శామీర్‌పేటల నేలపై నిలిచి విచారింప దలచితిమి.

గ్రహమంతయు ఒకే అడవి యగుట దుర్ఘటము. భూమధ్యరేఖ యొద్ద పైకెగసిన తేమగాలి అచ్చటనే వాన కురిసి, పొడిగాలియై ముప్పదవ అక్షాంశము చేరువ దిగును. పెద్ద యెడారులు పెక్కు ఆ ప్రాంతముననే యుండుటకు కారణమిదియే. మన సింగరేణి బొగ్గు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వము గోదావరి లోయలో పెరిగిన చిత్తడి అడవియే కాని, ఆ కాలమున సైతము భూమియంతయు అడవి కాదు.

చెట్టు ఏపుగా పెరిగినచోట పైరును ఏపుగా పెరుగునని వలసవాడు తలచును. ఇది పెద్ద పొరపాటు. వర్షారణ్యములలో సారము నేలయందు గాక చెట్టునందే యుండును. రాలిన ఆకు కుళ్ళినంతనే వేళ్ళు దానిని పీల్చుకొనును. చెట్టును నరికినచో, కొలది యేండ్లలోనే మిగిలిన సారమును వాన కడిగివేయును. మోటారు కార్ల హెన్రీ ఫోర్డు 1928లో అమెజాన్ అడవిలో, తపజోస్ నదీతీరమున, రబ్బరు కొరకు ఒక పట్టణమునే కట్టించెను. అడవిలో దూరదూరముగ పెరుగు రబ్బరు చెట్లను వరుసలుగ దగ్గర దగ్గరగ నాటిరి. ఆకుతెగులు ఒక చెట్టునుండి మరియొక చెట్టున కెగబ్రాకెను. 1945లో ఆ తోటలను బ్రెజిల్ ప్రభుత్వమునకు అప్పగించి ఫోర్డు సంస్థ తరలిపోయెను. ధనమునకు గాని యంత్రములకు గాని లోటు లేకుండినను, ఒక శిలీంధ్రము చేతిలో పని ముగిసినది!

ఇంకొక ప్రయోగము మఱింత చిత్రమైనది. 1991లో అమెరికాలోని ఆరిజోనా యెడారియందు మూడెకరములకు మించిన గాజుకట్టడములో చిన్న వర్షారణ్యము, చిన్న సముద్రము, పొలము అమర్చి, ఎనమండుగురు రెండేండ్లు లోపల నుండిరి. గాలిలో నూటికి ఇరువదియొక్క పాళ్ళుండవలసిన ప్రాణవాయువు పదునాలుగు పాళ్ళ చేరువకు దిగజారెను. నేలకు బలమని విస్తారముగ వేసిన ఎరువుమట్టిలోని సూక్ష్మజీవులు దానిని పీల్చివేసినవి. అవి విడిచిన బొగ్గుపులుసు వాయువు చెట్లకు దక్కకుండ కాంక్రీటు గోడలలో ఇంకిపోయినది. 1993 జనవరిలో బయటినుండి ప్రాణవాయువును ఎక్కింపవలసి వచ్చెను. పూలను ఫలింపజేయు కీటకములు నశించి, చీమలు మాత్రము దండిగ పెరిగినవి. పచ్చదనమున్నచోట శ్వాసకు కొదువ యుండదని నమ్మువారికి ఈ కథ వినిపింపదగును.

కావున వలసవారు పులిని గాక మట్టిలోని క్రిమిని తలచి భయపడవలెను. శామీర్‌పేట వాసులకు ఈ మాట క్రొత్త కాదు. 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీ వారి పొరుగుననే తుర్కపల్లి ప్రాంతమున నున్నది. అచ్చటి టీకా కర్మాగారములలో ప్రమాదకరమైన సూక్ష్మజీవులతో పనిచేయు గదులయందు గాలి లోనికే పోవునట్లు ఒత్తిడిని తగ్గించి యుంచుదురు. బయటికి విడుచు గాలిని వడపోయుదురు. అరణ్యగ్రహమున దిగువారికి ఈ కట్టుబాట్లు ఇంటింట అవసరమగును.

ఇక మన అడవి మాట. ఇచ్చట వాన సాలునకు సుమారు 80 సెంటీమీటర్లు. వర్షారణ్యమునకు 200 సెంటీమీటర్లకు మించవలెను. ఆ కొంచెమైనను అధికభాగము వానకాలపు నాలుగు నెలలలోనే కురియును. క్రింద 250 కోట్ల యేండ్లనాటి నల్లరాయి, పైన పలుచని ఎర్రచెలక. దానిపై మోదుగ, రేగు, తుమ్మ, సీతాఫలము, మధ్య మధ్య గడ్డి. వానలు లేని కాలమున ఆకు రాల్చి నీటిని పొదుపు చేసికొనుట ఈ అడవి నేర్పు. వలయ రహదారి వచ్చిన పిమ్మట ఇచ్చటికి కాపురము వచ్చిన మనబోంట్లు చూచి, ‘ఇది అడవియా? బీడు గదా!’ అందురు. కథలలోని పచ్చని గ్రహము మన కన్నులలో నుండుటచేతనే ఈ మాట వచ్చుచున్నదని మా యభిప్రాయము. బీడనుకొన్న నేలను చదును చేయుటకు ఎవరికిని మనసు నొవ్వదు. చదును చేసి ప్లాట్లు వేసి, దారికిరుప్రక్కల త్వరగా పచ్చబడు పరదేశపు మొక్కలు నాటుదురు.

పరదేశపు మొక్కలు రాగలవని, వచ్చి పోవని, మనకు తెలియని సంగతి కాదు. సర్కారు తుమ్మ 1870ల చివరను కడప ప్రాంతమునకు వంటచెరకు కొరకు తెచ్చినది. నేడు అది లేని చెరువుశిఖము అరుదు. చెరువులపై పరచుకొను గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుండి వచ్చినది. అరణ్యగ్రహము మన మీదికే దిగినట్లున్నది కదా!

మన పూర్వులు ఈ రాతినేలపై కాపురమును నీటితోనే ఆరంభించిరి. పల్లమునకు అడ్డముగ కట్ట, కట్టకు తూము, మిగులునీటికి అలుగు, ఆ నీరు చేరుటకు దిగువన వేరొక కుంట. గొలుసులో ఒక్కచోట కాలువ పూడ్చి యిల్లు కట్టినచో, ఎగువవారికి ముంపు, దిగువవారికి కరవు. శామీర్‌పేట చెరువు చేరువ జింకల పార్కులో చుక్కల జింకలు మేయుచున్నవి. కండ్లకోయ యొద్ద అటవీశాఖవారు అడవి ముక్క నొకదానిని కంచె వేసి సంరక్షించుచున్నారు. ఈ ముక్కలకు నడుమ జింక నడచు దారియు, నీరు నడచు దారియు ప్లాట్ల పటములలో గీయబడవలెనని మా కోరిక. ఇల్లు కొనదలచినవారు పటము చూపుమని అడిగినప్పుడు, ఆ వాగు ఎచ్చట నున్నదని కూడ అడుగుట మంచిది. అట్లే ఒక్కమారు ఫాల్గుణమున ఉదయము ఆ దారిని పోయి చూడుడు. ఆకు లేని మోదుగకొమ్మల నిండ ఎర్రనిపూలు, వానిపై గోరువంకల గోల వినవచ్చును.