లెక్కలో ఉన్న ఊత పైకప్పులో ఉందా?

 

నా వృత్తి గురించి అందరికీ అర్థమయ్యేలా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇనుప కట్టడాలకు లెక్కలు వేయడం నా పని. స్వర్ణోత్సవ గుర్తుగా పిల్లలు మధ్యాహ్న భోజనం చేసే చోట రేకుల షెడ్డు వేయిద్దామని మన సంఘం తలపెట్టింది. కనుక ఆ షెడ్డుకు పనికొచ్చే ఒక్క సంగతే చెబుతాను.

ఇది మన పిల్లల దగ్గర తీసుకున్న అడుగు స్కేలు. రెండు కొసలూ పట్టుకుని లాగితే నా బలానికి ఇది తెగదు. అదే రెండు అరచేతుల మధ్య నిలబెట్టి నొక్కితే, చూడండి, విల్లులా వంగింది. విరగలేదు, నలగలేదు, పక్కకు తప్పుకుంది. దీన్నే మేము బక్లింగ్ అంటాం. ఎవరైనా సరిగ్గా మధ్యలో రెండు వైపులా వేళ్లు ఆనిస్తే అంత తేలిగ్గా వంగదు. ఆ వేళ్లే బ్రేసింగ్, మన మాటలో ఊత. సన్నని కడ్డీకి ఊతల మధ్య దూరం సగమైతే అది ఓర్చుకోగల నొక్కుడు నాలుగింతలవుతుందని ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 18వ శతాబ్దంలో చెప్పిన సూత్రం వల్ల తెలుస్తుంది. అయితే స్కేలు వెడల్పు వైపుకే వంగుతుంది. అంచు వైపు వేలు ఆనిస్తే లాభం లేదు. ఊత ఉంటే చాలదు, వంగే దిశలో ఉండాలి.

ఇప్పుడు ఈ లెక్కలు కంప్యూటర్ చేస్తుంది. స్టాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కమ్మీకీ ఊత లేని పొడవు ఎంతో రెండు దిశలకూ విడివిడిగా మనమే చెప్పాలి. ఎల్‌వై, ఎల్‌జడ్ అని అంకెలు ఇస్తాం. ఆరు మీటర్ల కమ్మీకి మూడు అని రాస్తే, నడుమ ఊత ఉందని నమ్మి లెక్క కడుతుంది. ఆ ఊత ఎక్కడుంది, దేనికి బిగించారు అని అడగదు.

ఏమీ చెప్పకపోయినా ప్రమాదమే. పన్నెండు మీటర్ల ట్రస్సులో కింది కమ్మీని ఒకటిన్నర మీటరు ముక్కలుగా గీస్తాం. మనం మాట్లాడకపోతే సాఫ్ట్‌వేర్ ఆ ఒకటిన్నర మీటరునే రెండు దిశలకూ తీసుకుంటుంది. పైకీ కిందికీ వంగే విషయంలో అది నిజమే, ట్రస్సు లోపలి కమ్మీలు పట్టుకుని ఉంటాయి. పక్కకు వంగే విషయంలో పట్టుకునేది ఏదీ లేకపోతే అసలు పొడవు పన్నెండు మీటర్లు.

ఇది పుస్తకాల్లో మాట కాదు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో పెద్ద క్రీడామందిరం పైకప్పును 1970లలో కంప్యూటర్ లెక్కలతోనే కట్టారు. నొక్కుడు మోసే పై కమ్మీలకు నడిమధ్య ఊత ఉన్నట్టు లెక్కలో అనుకున్నారు. కట్టిన తీరులో, ముఖ్యంగా అంచు కమ్మీలకు, ఆ ఊత సరిగా అందలేదు. 1978 జనవరి 18 తెల్లవారుజామున, మంచు బరువు మీద ఉండగా కప్పు మొత్తం కూలింది. కొద్ది గంటల ముందు దాని కింద దాదాపు ఐదు వేల మంది ఆట చూసి వెళ్లారు. ఖాళీగా ఉన్న వేళ కనుక ప్రాణనష్టం లేదు.

మనకు మంచు లేదు, గాలి ఉంది. 1977 నవంబరు ఉప్పెన మన పెద్దలు మరిచిపోలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన పక్కన బాపట్ల దగ్గరే తీరం దాటింది. మన కోస్తాకు భారతీయ ప్రమాణం సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లను, ప్రాథమిక వేగంగా తీసుకోమంటుంది. పక్కలు తెరిచి ఉన్న తేలికపాటి షెడ్డును ఆ గాలి కింది నుంచి పైకి ఎత్తుతుంది. అప్పుడు రోజూ లాగుడులో ఉండే కింది కమ్మీ నొక్కుడులోకి వస్తుంది. స్కేలు గుర్తుంది కదా.

అయితే ట్రస్సులన్నిటినీ ఒక కమ్మీతో వరుసగా కలిపేస్తే సరిపోతుందా? చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల వరుసను పక్కకు తోస్తే అందరూ కలిసే ఒరుగుతారు. కొసన ఒకడు స్తంభాన్ని గట్టిగా పట్టుకుంటేనే వరుస నిలుస్తుంది. షెడ్డులో ఆ స్తంభం లాంటివి, చివరి రెండు ట్రస్సుల మధ్య ఐమూలగా వేసే కమ్మీలు. అక్కడి నుంచి బలం స్తంభాల మీదుగా పునాదికి దిగాలి.

వెల్డింగ్ పని మొదలయ్యాక ఖర్చు తగ్గించాలని ముందుగా తీసేసేది ఈ కమ్మీలనే. మామూలు రోజుల్లో అవి ఏ పనీ చేయనట్టే కనిపిస్తాయి మరి.

అందుకే కమిటీ పెద్దలకు నా మనవి. డ్రాయింగు రాగానే ఇంజనీరును మూడు ప్రశ్నలు అడగండి. లెక్కలో ఊత అనుకున్న ప్రతిచోటా డ్రాయింగులో కమ్మీ ఉందా? అది వంగే దిశలో పట్టుకుంటుందా? చివరికి దేన్ని పట్టుకుని నిలుస్తుంది? పని పూర్తయ్యాక అదే కాగితం చేత్తో పట్టుకుని, నిచ్చెన ఎక్కి, ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. ఆ రోజు నేనూ వస్తాను. తరువాతే బిల్లు చెల్లించండి.