తెరుచుకోని సీడీ పళ్లెం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. సీనియర్ అసిస్టెంటుగా 2009లో రిటైరైనవాణ్ణి. అయితే 1998లో ఒక యూనిక్స్ యంత్రం మీద సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని నా నెత్తిన పడింది. ఆ ముచ్చటే మనవి చేస్తాను.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని ముఖ్య నిర్మాతలు. ఒకే యంత్రానికి టెర్మినళ్లు తగిలించుకుని పదిమంది ఒకేసారి పని చేసుకోవచ్చు. మా ఆఫీసులో పెన్షనర్ల వివరాలన్నీ అందులోనే ఉండేవి.

పై ఆఫీసు నుంచి ఒక సీడీ, ఒక లావుపాటి పుస్తకం, ఒక ఉత్తరం వచ్చాయి. నెలాఖరులోగా కొత్త డేటాబేస్ సర్వర్ ఎక్కించాలని తాఖీదు. ఇంజనీరు వస్తాడన్నారు, రాలేదు. "మీకు టైపు వచ్చుగదా, మీరే చూడండి" అన్నారు మా సూపరింటెండెంటు గారు. టైపు వస్తే చాలనుకునే రోజులవి!

డిస్కులో చోటు చాలలేదు. పాత ఫైళ్లు తీసేస్తే గాని కొత్తది పట్టదు. వాటిని క్యార్ట్రిడ్జ్ టేపు మీదికి ఎక్కించాను. ఇక చెరిపేద్దామని కూర్చున్నాను. అప్పుడు సూపరింటెండెంటు గారు, "ఏమండీ, టేపులో ఏముందో ఒకసారి చదివి చూశారా?" అన్నారు. చదివించాను. సగం జాబితా వచ్చి, చదవలేకపోతున్నానని యంత్రం ఆగిపోయింది. నా ఒళ్లు చల్లబడింది. ఆ మిగతా సగంలో ఎంతమంది ఫ్యామిలీ పెన్షన్లున్నాయో! చెరిపేసి ఉంటే ఒకటో తారీఖున ఆ ఇళ్లవాళ్లకు నేనేం చెప్పేవాణ్ణి? కొత్త టేపు తెప్పించి, ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టించి, మళ్లీ ఎక్కించాను. ఈసారి జాబితా ఆసాంతం వచ్చింది. కాగితం మీద అచ్చు వేయించి, ఒక్కొక్క పేరుకీ టిక్కు పెట్టిన తర్వాతే చెరిపాను.

ఇక సీడీ. మా యూనిక్స్ యంత్రంలో సీడీ పెట్టగానే కనిపించదు. ముందు ఒక డైరెక్టరీ తెరిచి, దానికి సీడీని తగిలించాలి. దాన్నే మౌంట్ చేయడం అంటారు. అది రూట్ చేసే పని. రూట్ అంటే ఆ యంత్రానికి సర్వాధికారి. కలెక్టరు గారైనా ఒకరికి జవాబు చెప్పుకోవాలి, రూట్‌కు ఆ బాధ లేదు. మౌంట్ చేసి, పుస్తకంలో ఉన్న పేరు కొడితే అలాంటి ఫైలే లేదంది. గంటసేపు కుస్తీ పట్టాను. తీరా చూస్తే పుస్తకంలో చిన్న అక్షరాలు, సీడీలో పెద్ద అక్షరాలు. యూనిక్స్‌కు ఆ రెండూ వేరువేరు. పేర్లు చిన్న అక్షరాల్లో చూపించమని మౌంట్ చేసేటప్పుడే చెప్పాలట. ఆ సంగతి పుస్తకం వెనకపేజీల్లో ఉంది.

అసలు ఇన్‌స్టలేషన్ మాత్రం రూట్‌గా చేయకూడదు. సాఫ్ట్‌వేర్‌కు యజమానిగా వేరే యూజరును సృష్టించి, అతని పేరుతో నడపాలి. చివరలో ఒక చిన్న ప్రోగ్రాం మాత్రం రూట్ నడపాలి. మన ఫైలు మీద సెక్షన్ వాళ్లు రాసి, ఆఫీసరు సంతకం పెట్టినట్టన్నమాట. అంతకుముందే కెర్నెల్‌లో మెమరీ పరిమితులు పెంచి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాను.

రాత్రి తొమ్మిదిన్నరకు పూర్తయింది. సీడీ తీద్దామంటే పళ్లెం తెరుచుకోదు. అటెండరు గుండుసూది తెచ్చి పొడుస్తానన్నాడు. వద్దన్నాను. చూస్తే, నేనే ఆ సీడీ డైరెక్టరీలో ఉండి, దాన్ని విడదీయమంటున్నాను! కూర్చున్న కొమ్మను నరకడమే గదా. బయటికొచ్చి మౌంట్ విప్పగానే పళ్లెం వచ్చింది.

టేపులోని వివరాలు కొత్త సర్వర్‌లోకి చేర్చడానికి మరి మూడు రోజులు పట్టింది. ఒకటో తారీఖు బిల్లులు ముప్ఫయ్యో తారీఖు సాయంత్రానికి డాట్ మ్యాట్రిక్స్ మీద వచ్చాయి. టిక్కులు పెట్టిన ఆ జాబితా పక్కన పెట్టుకుని సూపరింటెండెంటు గారూ నేనూ సరిచూశాం. ఒక్క పేరూ తప్పిపోలేదు.