నాటినవెన్ని? బతికినవెన్ని?



ఉద్యోగంలో ఉండగా ఏటా వనమహోత్సవం లెక్కలు రాసింది నేనే. రిజిస్టరులో ‘నాటిన మొక్కలు’ అని ఒక కాలమ్ ఉండేది. ‘బతికినవి’ అన్న కాలమ్ లేదు. ఎందుకు లేదని నేనూ అడగలేదు. అది నా తప్పే.

ఏ రిజిస్టరూ లేకుండా ఆ పని చేసినవారు ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి వాసి, వనజీవి రామయ్యగారు. మెడలో చెట్లను కాపాడమనే బోర్డు, సైకిలు మీద మొక్కలు, జేబులో విత్తనాలు. కోటికి పైగా మొక్కలు నాటారని ప్రతీతి. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

మనకు కోటి అక్కరలేదు. తలా ఒకటి చాలు. వేపో, కానుగో, చింతో తొలకరిలో నాటండి. మేకలు మేయకుండా ముళ్లకంప కట్టండి. మన మెట్టప్రాంతాల్లో మొక్కకు గండం ఎండాకాలమే. మొదటి రెండు వేసవులూ మనవల చేత నీళ్లు పోయించండి. వాళ్లకు అంతకు మించిన పాఠం లేదు.

మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం గదా! ఇకనుంచి మన మొక్కకూ ఒకటి ఇద్దాం.