కేనన్ పడినాక బంతులు యాడున్నాయి?

ఈ ఎపిసోడ్‌లో ఇంగ్లిష్ బిలియర్డ్స్‌లో కేనన్ సాధన గురించి మాట్లాడుకుందాం.

తెలియనివాళ్లకు రెండు మాటలు. టేబుల్ మీద మూడే బంతులు. మనది, ఎదుటివాళ్లది, ఒక ఎర్రది. మన బంతి మిగతా రెండింటినీ తాకితే కేనన్, 2 పాయింట్లు. ఎర్రదాన్ని పాకెట్‌లో వేస్తే 3.

మాది ఉరుకుంద. ఈరన్నస్వామి దగ్గరికి శ్రావణమాసంలో జనం వస్తారే, ఆ ఊరే. అక్కడ మేం ఆడుకున్నది క్యారమ్స్. బిలియర్డ్స్ కోసం నెలకు రెండుసార్లు ఆదోనిలో రైలెక్కి బెంగళూరు పోతా. పంకజ్ అద్వానీ పెరిగిన ఊరు గదా, టేబుళ్లకు కొదవ లేదు. నాకు దొరికేది మాత్రం రెండు గంటలే. రైలు చార్జీ, టేబుల్ బాడుగ లెక్కేసి ఇంట్లో అడుగుతారు, ఏం సాధించినావని.

పోయిన ఏడాది ఒక చిన్న పోటీలో 100 పాయింట్ల గేమ్. నేను 86, ఎదుటాయన 71. బ్రహ్మాండమైన కేనన్ కొట్టినా, 88 అయింది. చప్పట్లు కూడా పడినాయి. తీరా చూస్తే ఎర్రది పక్క కుషన్‌కు అతుక్కుంది, ఎదుటి బంతి ఆ చివర. తర్వాతి షాట్ పోయింది. ఆయన ఒకే విడతలో 29 కొట్టి ముగించినాడు. రైల్లో నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఒక్క డ్రాప్ కేనన్ పట్టుకున్నా. ఎర్రది దాని స్పాట్ మీద, అంటే పై కుషన్‌కు 12¾ అంగుళాల దూరంలో. నా బంతి ‘డి’ లో. ఎదుటి బంతిని మధ్య పాకెట్లకు కొంచెం పైన, హాఫ్ బాల్ తగిలితే నా బంతి ఎర్రదాని మీదికి పోయేటట్టు పెడతా. హాఫ్ బాల్ అంటే నా బంతి నడుమును ఎదుటి బంతి అంచుకు గురిపెట్టడం. దొర్లుతూ పోయే బంతి అప్పుడు సుమారు 34 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. అదే గరిష్ఠం. అందుకే గురి వెంట్రుకవాసి తప్పినా దారి పెద్దగా మారదు. క్యారమ్స్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే మోసపోతాం. స్ట్రైకర్ జారుతుంది, బంతి దొర్లుతుంది. ఆ చేతి అలవాటు పోవడానికి నాకు ఏడాది పట్టింది!

గురి కుదిరినాక మిగిలేది వేగం. ఎదుటి బంతి పక్క కుషన్, పై కుషన్ తగిలి స్పాట్ దగ్గరికి రావాలి. నాది ఎర్రదాన్ని ఊరికే పలకరించాలి, తోసెయ్యకూడదు. మూడూ పైన చేరితే ఎర్రది పాకెట్, మళ్లీ కేనన్, మళ్లీ ఎర్రది, అట్లా నడుస్తుంది ఆట.

మొదటిరోజు 20 కొడితే 17 కేనన్లు పడినాయి. సంబరపడినా. కానీ మూడు బంతులూ పైన మిగిలింది నాలుగుసార్లే. ఇప్పుడు నోటుబుక్కులో ఆ రెండో లెక్కే రాస్తున్నా. బంతి ఆగాల్సినచోట చిన్న కాగితం ముక్క పెడతా. పోయిన వారం 20కి 11. ఇంట్లో చూపించినా. ‘మిగతా తొమ్మిది యాడికి పోయినాయి?’ అన్నారు.

ఆ తొమ్మిదిలో ఆరు గట్టిగా కొట్టినవే. వచ్చే ఎపిసోడ్‌లో వాటినే టేబుల్ మీద పెట్టి చూపిస్తా. ఉంటానండీ.