బిడ్డ సీటుకు తండ్రికి ఇంటర్వ్యూనా?



ఆరేండ్ల బిడ్డను ఒకటో తరగతిలో చేర్పిద్దామని ప్రైవేటు బడికి పోతే మనకు ఎదురవుతున్నదేంది? బిడ్డకు పరీక్ష, తండ్రికి ఇంటర్వ్యూ. ఏం చదివిన్రు? జీతమెంత? తల్లికి ఇంగ్లీషు వస్తదా? ఆఖరుకు రసీదు లేని డొనేషన్. ఆటో నడిపేటాయనకు, బీడీలు చుట్టే తల్లికి ఇంగ్లీషు రాకుంటే వాళ్ల బిడ్డ చదువుకు పనికిరాదా?

ఇది అన్యాయమే కాదు, చట్టవిరుద్ధం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఏమంటున్నది? చేర్చుకునేటప్పుడు బిడ్డను గానీ, తల్లిదండ్రులను గానీ వడపోయొద్దు. వడపోస్తే మొదటిసారి 25 వేల రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్ గుంజితే, గుంజినదానికి 10 రెట్ల దాకా జరిమానా. సీట్లు తక్కువై పిల్లలు ఎక్కువైతే లాటరీ తీయాలె. 12వ సెక్షన్ పేద, బలహీనవర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇయ్యాలన్నది. 2014 సుప్రీంకోర్టు తీర్పుతో మైనారిటీ బడులకే మినహాయింపు.

మరి మనమేం చేస్తున్నం? సీటు పోతదని నోరు మూసుకుంటున్నం. మన మౌనమే వాళ్ల పెట్టుబడి. ఒక్కరు అడిగితే గేటు బయటికి పంపుతరు. పదిమందిమి కలిసి పోదాం. పరీక్ష ఎందుకో రాసియ్యమందాం. కట్టిన ప్రతి పైసకు రసీదు అడుగుదాం. ఇయ్యకుంటే మండల విద్యాధికారికి దరఖాస్తు పెడదాం.

సర్కారు బడి బాగుపడేదాకా ఈ గోస పూర్తిగా తీరదు. ఆ కొట్లాటా మనదే. కానీ అప్పటిదాకా ఏ గేటు ముందూ తల వంచొద్దు. మనం అడిగేది దయ కాదు, మన బిడ్డల హక్కు.